ఆరో జాడీ

కరుణాకర్‌తో మాట్లాడటానికి ప్రమీలకు ఇచ్చింది పది నిమిషాలు. సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి లాకప్ ముందు స్టూలు వేశారు. తొమ్మిదీ యాభైకి లేపేస్తామని ముందే చెప్పారు.

అప్పటికి ఆమెకు తెలిసింది ఇంతే. నిన్న మట్టల ఆదివారం, ఈస్టరుకు వారం ముందు. మధ్యాహ్నం ఒంటిగంటా పది ప్రాంతంలో ఆళ్లగడ్డ సీయోను హైస్కూలు సైన్సు ల్యాబులో ఫ్రాన్సిస్ మాస్టారు చనిపోయాడు. మెడకు ఎడమవైపు గాజుపెంకు దిగింది. ఒంటిగంటా పదిహేనుకు వాచ్‌మన్ వెళ్లి చూస్తే ల్యాబు అటెండరు కరుణాకర్ శవం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా నెత్తురు. సాయంత్రం ఐదుకు అరెస్టు రాసుకున్నారు. ఐదున్నరకు అతను తానే చంపానని ఒప్పుకున్నాడు. ఈ సాయంత్రం ఐదులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇక్కడి మేజిస్ట్రేటు సెలవులో ఉన్నారు కాబట్టి నంద్యాల తీసుకుపోతారు. జీపు రెండు దాటాక బయలుదేరుతుంది.

ప్రమీలకు యాభై తొమ్మిదేళ్లు. పోలీసు ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు గాజుపెంకులు పరీక్షించి రిటైరయింది. ఇప్పుడు నంద్యాలలో రెండు గదుల ఇంట్లో ఉంటూ ప్రైవేటు దర్యాప్తులు చేస్తోంది. నిన్న రాత్రి ఆమెకు ఫోను చేసింది కరుణాకర్ తల్లి జీవమ్మ. ప్రమీల భర్త చనిపోయిన ఏడాది, ఇదే ఊళ్లో ఆమె పక్కింట్లో ఉండి, ఆ ఏడాదంతా అన్నం తెచ్చిపెట్టిన మనిషి. ఆమె ఏడవలేదు. వాడు తప్ప తనకెవరూ లేరని, వాణ్ని నంద్యాలకు తీసుకుపోతే మళ్లీ చూడలేనని, ఆ సంగతి తనకు తెలిసిపోతోందని మెల్లగా చెప్పింది. వాడు తిరిగొస్తాడని అనకుండా, పొద్దున్నే వస్తానని మాత్రం చెప్పింది ప్రమీల. బస్టాండుల్లో తాను చెయ్యి ఊపి పంపినవాళ్లలో తిరిగి రానివాళ్లే ఎక్కువ.

స్టూలు మీద కూర్చుని బ్యాగు జిప్పు వేసి ఉందో లేదో రెండోసారి చూసుకుంది.

"ఎందుకు చంపినావు నాయనా?"

కరుణాకర్‌కు ముప్పై నాలుగేళ్లు. చేతులు కడుక్కున్నా గోళ్ల కింద నలుపు పోలేదు. "తిట్టినాడు. ల్యాబులో స్పిరిటు నేను తాగినానని శనివారం అందరి ముందర తిట్టినాడు."

"దేంతో కొట్టినావు?"

"జాడీతో."

"యాడ? తల మీదనా, వీపు మీదనా?"

అతను గోడవైపు చూశాడు. "తల మీద."

శవ పంచనామా నకలు ప్రమీల పొద్దున్నే చదివింది. తల మీద ఒక్క గాటు లేదు. ఆ మాట ఆమె అనలేదు. ఎన్ని గంటలకు ల్యాబులోకి పోయావని అడిగితే గుర్తు లేదన్నాడు. గొడవ ఎంతసేపు జరిగిందంటే చాలాసేపు అన్నాడు. తర్వాత ఏమడిగినా తల అడ్డంగా ఊపాడు. తొమ్మిదీ నలభై తొమ్మిదికి, ఆమె లేవబోతుంటే, తనంతట తాను ఒకే ప్రశ్న అడిగాడు.

"అమ్మ ల్యాబు కాడికి పోయిందా?"

"లేదు."

"పోనీయొద్దండి. ఏమన్నా చెప్పి ఆపండి. ఆడికి మాత్రం పోనీయొద్దు."

అతను భయపడుతున్నది జైలుకు కాదని ప్రమీలకు అప్పుడే అర్థమైంది. ఎందుకు భయపడుతున్నాడో మాత్రం తెలియలేదు.

పదీ ఇరవైకి వాచ్‌మన్ సంజీవయ్య ల్యాబు తాళం తీశాడు. నేల తడి ఇంకా ఆరలేదు. పంచనామా అయ్యాక, వాసనకు చీమలు పట్టాయని, పోలీసుల అనుమతితోనే రాత్రి కడిగించారట. నేల కడిగేస్తే ఇక చూడటానికి ఏముంటుంది?

ల్యాబు చిన్నదే. ఉత్తరపు గోడ వెంట బండ అరుగు, దాని మీద వరసగా నాలుగు పదిలీటర్ల గాజు జాడీలు. ప్రతి జాడీలో ఎర్రటి ద్రాక్షరసం, పైన తేలుతున్న తొక్కలు. మూతి దగ్గర రంధ్రం చేసిన రబ్బరు బిరడా, అందులోంచి వంచిన గాజు గొట్టం, దాని రెండో కొస పక్కనే నీళ్ల గ్లాసులో మునిగి ఉంది. గొట్టం కొసనుంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. వాటిని లెక్కపెట్టే మనిషి నిన్న పోయాడు. వాటికి ఆ సంగతి తెలియదు.

అరుగు చివర ఫ్రాన్సిస్ రికార్డు పుస్తకం ఉంది. అట్ట జిగటగా అతుక్కుపోయింది. పోలీసులు తెరిచినట్టు లేదు. ప్రమీల కళ్లద్దాలు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదివింది.

నాలుగు నెలల పని అది. పిల్లలకు పులియడమంటే ఏమిటో కళ్లారా చూపించాలని, జిల్లా సైన్సు ప్రదర్శనకు తీసుకుపోవాలని అతను ఒక్కొక్క వస్తువూ కూర్చుకున్నాడు. నంద్యాలలో ఊరగాయ జాడీలు అమ్మే కొట్లో ఆరు జాడీలు కొన్నాడు, మరమూతలతో సహా. ఆ మూతలు ప్రయోగానికి పనికిరావు కాబట్టి అట్టపెట్టెలో పడేశాడు. రబ్బరు బిరడాలకు కరుణాకర్ ఎర్రగా కాల్చిన ఇనుపచువ్వతో రంధ్రాలు చేశాడు. గాజు గొట్టాలను స్పిరిటు దీపం మీద వంచిందీ అతనే. పద్నాలుగు విరిగాయి, ఆరు కుదిరాయి. తీపి ఎంత తగ్గిందో చూపే తేలుడు గొట్టం హైదరాబాదు నుంచి వచ్చింది, రెండు థర్మామీటర్లు, ఈస్టు పొట్లాలు కూడా.

పద్నాలుగు విరిగాయన్న చోట ఆమె ఆగింది. ఇరవై గొట్టాలు వంచడానికి ఎంత స్పిరిటు కాలి ఉంటుంది? కరుణాకర్ తాగాడన్న స్పిరిటు దీపంలోనే పోయి ఉండాలి. పని చేయించిన ఫ్రాన్సిస్‌కు ఆ సంగతి తర్వాతైనా తోచి ఉంటే బాగుండేది.

తర్వాతి పేజీల్లో చర్చి సంఘపెద్దల గొడవ. బడిలో సారాయి కాస్తున్నారని ఎవరో అన్నారు. వాళ్లను సమాధానపరచడానికి ఫ్రాన్సిస్ ఒక మాట ఇచ్చాడు. ఐదు, ఆరు నంబర్ల జాడీల్లో ఈస్టు వెయ్యడు, ఆ రసం ఈస్టరు రోజు చర్చిలో ప్రభు బల్ల మీద పంచడానికి ఇస్తాడు. దాని కిందే శనివారం పన్నెండుంపావుకు రాసుకున్న లెక్క ఉంది. నిమిషానికి బుడగలు, ఐదో జాడీ ఇరవై రెండు, ఆరో జాడీ తొమ్మిది. పక్కన చిన్న అక్షరాలతో, 'ఈస్టు వెయ్యకుండానే పులుస్తోంది, ద్రాక్ష తోలు మీదే ఉంటుంది, పిల్లలకు చూపించాలి' అని. పిల్లలకు చూపించాలనుకున్నాడు, సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పినట్టు లేదు.

ఆఖరి పేజీ ఆదివారానిది. మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు. ఒకటో జాడీ నలభై ఒకటి. రెండోది ముప్పై ఎనిమిది. మూడోది నలభై. నాలుగోది ముప్పై ఆరు. తర్వాత 'ఐదోది' అని రాసి ఉంది, అంకె లేదు. కలం గీత ఒకటి కిందికి జారి పేజీ అంచు దాటిపోయింది.

ఆమె చదవడం ఆపి సంజీవయ్యను పిలిచింది.

"అన్నా, నిన్న కరుణాకర్ ఎన్నింటికి లోపలికి పాయె?"

"ఒంటిగంటకు. నేను గేటు కాడనే ఉన్నా. పోలీసోళ్లకు గూడా చెప్పినా."

"ఒంటిగంటా ఐదు నుంచి తొమ్మిది దాకా మాస్టారు ఈడ కూచోని బుడగలు లెక్కబెడ్తాండాడు. జాడీకి ఒక నిమిషం. కొట్లాడేవాన్ని ఎదురుగా పెట్టుకోని ఎవురన్నా బుడగలు లెక్కబెడ్తారా?"

సంజీవయ్య తాళంచెవులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు గేటు కాడ లేవు."

"గేటు ఇడిసిపెట్టినానంటే పని పీకేస్తారమ్మా." అతని గొంతు తగ్గిపోయింది. బడి వెనక కొళాయి దగ్గర టిఫిను డబ్బా కడుక్కుంటున్నాడట. "టైరు పేలినట్టు శబ్దం వచ్చె. రోడ్డు మీద లారీ ఏమో అనుకుంటి. తీరా నేనొచ్చేతలికి కరుణ ఆడ కూచోని సారు మెడ పట్టుకోని ఉండాడు. నెత్తురు ఆపాలని రెండు చేతుల్తో అదిమి పట్టినాడు. సంపేటోడు అట్ల పట్టుకోడు గదా."

"ఆ మాట పోలీసులకు చెప్పినావా?"

"వాళ్లు అడగలే."

పన్నెండయింది. నేల కడిగారు గానీ చీమలను ఎవరూ ఆపలేదు. ప్రమీల కుర్చీ వేసుకుని వాటి దారులు చూసింది. ఒక బారు గోడ ఎక్కి, పైకప్పు మీదుగా నడిచి, ఫ్యాను ఊచ వెంట దిగుతోంది. సంజీవయ్య చేత బల్ల వేయించి, ఎక్కి, ఫ్యాను రెక్క మీద, పైవైపున, వేలుతో తడిమింది. వేలికి ఎండిన ద్రాక్ష తొక్క, పంచదార పలుకుల్లాంటి గాజు తగిలాయి. చేత్తో విసిరి కొట్టిన జాడీ ఫ్యాను రెక్క పైవైపు దాకా పోదు. ఈ జాడీని ఎవరూ ఎత్తలేదు. అది దానంతట అదే పేలింది.

ఇంకో బారు మంటలు ఆర్పే ఇసుక బకెట్టులోకి పోతోంది. ఆమె బల్ల దిగి, చెయ్యి లోపలికి పెట్టి, మోచేతి దాకా పోనిచ్చి, ఒక వస్తువు బయటికి తీసింది. జాడీ మెడ అది. దాని మీద మరమూత బిగించి ఉంది, మూతకు రంధ్రం లేదు, గొట్టం లేదు. మూత అంచున తెల్లదారం మూడు చుట్లు చుట్టి, ముడి లోపలికి దూర్చి, పైన కొవ్వొత్తి మైనం కార్చారు.

ఆమె దాన్ని పట్టుకుని అరుగు అంచున కూర్చుంది.

ప్రతి ఏడాదీ ఈస్టరు ముందు నంద్యాలలో తన ఇంటికి ఒక సీసా వస్తుంది. సంఘానికి కాచిన ద్రాక్షరసంలో మిగిలింది, చలవ చేస్తుందని పంపుతుంది జీవమ్మ. దారం మూడు చుట్లు, ముడి లోపలికి, పైన మైనం. ఆ ముడి విప్పలేక ప్రమీల ప్రతిసారీ కత్తెర వాడుతుంది.

కరుణాకర్ ఆ మూతను చూడగానే గుర్తుపట్టి ఉంటాడు. చచ్చిపోతున్న మనిషి మెడ ఒకవైపు, తల్లి చేతి ముడి ఒకవైపు. సంజీవయ్య రాకముందే దాన్ని ఇసుకలో పాతేసి, నేరం తన మీద వేసుకున్నాడు.

అట్టపెట్టెలో మూతలు లెక్కపెట్టింది. నాలుగున్నాయి. ఆరులో నాలుగు పోగా రెండు. ఒకటి తన చేతిలో ఉంది, రెండోది పెంకుల్లో కలిసి ఊడ్చుకుపోయి ఉంటుందనుకుంది. నేల మీద, నీళ్ల కడవ పక్కన, గుండ్రటి మరక చూపించి ఆరో జాడీ ఏదని అడిగింది. సాక్ష్యానికి పోలీసులు నిన్ననే తీసుకుపోయారని సంజీవయ్య చెప్పాడు. ఆమె తలాడించింది. ఆమె ఆలోచన అప్పటికే వేరే చోట ఉంది. నిజం చెబితే కొడుకు బయటికొస్తాడు, తల్లి లోపలికి పోతుంది. అరవై ఆరేళ్ల మనిషి, తన చేతులు చేసిన పని ఇదని తెలిస్తే కోర్టు దాకా బతుకుతుందా? ప్రమీల ఆ మూతను చేతిరుమాలులో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. జిప్పు వేసింది. మళ్లీ చూసుకుంది.

ఒంటిగంటకు స్టేషనులో ఎస్సై సురేష్ ఎదుట కూర్చుంది.

సురేష్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ తానే జరిపాడు. అతను అవమానించేటప్పుడు ఎప్పుడూ మర్యాదగానే ఉంటాడు. పక్క బల్ల దగ్గర కానిస్టేబుల్ అజయ్ కుమార్ కొవ్వొత్తి మీద లక్క కరిగించి, తెల్లగుడ్డ చుట్టిన మూట ముడి మీద కారుస్తున్నాడు. కోర్టుకు పోయే సాక్ష్యాలకు అలా ముద్ర వేస్తారు. లక్క వాసన గదంతా నిండింది. ఆ మూటలో ఏముందని ప్రమీల అడగలేదు. గాజుపెంకులనుకుంది.

రికార్డు పుస్తకంలో ఆగిపోయిన లెక్క, ఫ్యాను రెక్క మీది తొక్క, గొట్టాలు వంచడానికి కాలిన స్పిరిటు, వాచ్‌మన్ మార్చి చెప్పిన మాట, అన్నీ ఆమె వరసగా చెప్పింది. సురేష్ ఆసాంతం విన్నాడు. బయట జీపులో డీజిలు పోయించమని మధ్యలో ఒకసారి కేకేశాడు.

"బాగుండాది మేడం. మీరు ముందర గూడా ఒక కేసులో గాజుపెంకుల మీద ఇట్లనే చెప్పినారు. చొక్కాలో దొరికిన గాజు, కారు అద్దం గాజు ఒకటేనని. ఆ మనిషికి ఏడేళ్లు పడె. తర్వాత అసలోడు దొరికె. ఆ మనిషి పేరు గుర్తుండాదా మీకు?"

"చెన్నకేశవులు," అంది ప్రమీల.

"ఏమాయె ఆయప్ప?"

"జైల్లోనే పాయె."

"అదీ. అందుకే నాకు గాజుపెంకులు ఒద్దు. మనిషి కావల్ల. మాస్టారు మెడకు దిగింది గాజు, ఆడున్నోడు ఒకడే, ఒప్పుకున్నాడు." అతను ముందుకు వంగాడు. "సరే, పేలింది అంటాండారు. గాలి పోయే గొట్టం ఉన్న జాడీ పేలుతుందా?"

"పేలదు."

"అంటే ఎవురో గొట్టం పీకి మూత బిగిచ్చినారు. ఎవురు? పేరు చెప్పండి. ఈ నిమిషం జీపు ఆపేస్తా."

బ్యాగు ఆమె ఒళ్లో ఉంది. రుమాలులో మూత మోకాలికి గట్టిగా తగులుతోంది. గోడ గడియారం ఒంటిగంటా పద్దెనిమిది చూపిస్తోంది. ల్యాబులో రాని ధైర్యం ఇప్పుడైనా వస్తుందేమో అని ఆమె ఎదురు చూసింది.

"తెలీదు," అంది.

"మీకు తెలీదంటే నేను నమ్మను మేడం. గానీ సాక్ష్యం లేనిది నేనేం చేసేది." అతను లేచాడు. అజయ్ కుమార్ మెత్తని లక్క మీద ఇత్తడి ముద్ర ఒత్తి, చల్లారేదాకా అదిమి పట్టాడు. ఒక్క సందు లేకుండా బాగా పోయమని సురేష్ అతనికి చెప్పాడు. కిందటి కేసులో ముద్ర సరిగా లేదని కోర్టులో తనను తిట్టారట.

రెండూ పదికి జీపు కదిలింది. ప్రమీల వేపచెట్టు కింద నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది. ఎవరు పోతున్నా కనుమరుగయ్యేదాకా చూడటం ఆమెకు అలవాటు. ఎండ నలభై దాటి ఉంటుంది. వెనక సీటులో కరుణాకర్, ఒక చేతికి బేడీ, ఒళ్లో తెల్లటి మూట. రెండు మోకాళ్ల మధ్య దాన్ని గట్టిగా పెట్టుకున్నాడు. తల్లి పంపిన బట్టలనుకుంది ప్రమీల.

జీవమ్మ ఇల్లు చర్చి వెనక సందులో. రెండున్నరకు ప్రమీల వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ద్రాక్ష తొడిమలు తీస్తోంది. నిన్నటి ఈతమట్టలు తలుపుకు గుచ్చి ఉన్నాయి, అప్పుడే వాడిపోయాయి. కొడుకు లాకప్‌లో ఉన్నా ఈస్టరు బల్లకు రసం కాయాలి. ముప్పై ఏళ్లుగా ఆ పని ఆమెదే.

"తీసకపాయిరా?" అని అడిగింది.

"పాయిరక్కా."

జీవమ్మ తలవంచి మళ్లీ తొడిమలు తీసింది. ప్రమీల దారిలో ఎన్నో మాటలు కూడబలుక్కుంది. వాటికి బదులు రుమాలు విప్పి మూతను ఆమె ముందు పెట్టింది.

"ఇది నా కట్టే గదా," అంది జీవమ్మ. ఆమె ముఖంలో భయం లేదు. "నీకు యాడ దొరికె?"

శనివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, బడి వదిలాక, ల్యాబు తుడవడానికి కొడుకుకు సాయంగా ఆమె పోయింది. కరుణాకర్ నీళ్లకు వెళ్లాడు. సంఘానికని పెట్టిన రెండు జాడీలూ గొట్టాల్లోంచి గాలి పట్టి బుడగలు వేస్తున్నాయి. గాలి తగిలితే పులుస్తుంది, పులిసింది బల్ల మీదికి రాకూడదు. ముప్పై ఏళ్లలో ఆమె కాచి, మూసి, మైనం పోసిన ఒక్క సీసా పులవలేదు. కాచినందువల్ల పులవలేదు. మూసినందువల్ల అని ఆమె నమ్మకం. ఫ్రాన్సిస్ సారు చదువుకున్నవాడే గానీ ఇంత చిన్న సంగతి మరిచిపోయాడనుకుంది. గొట్టాలు పీకి, పెట్టెలో మూతలు తీసి బిగించి, దారం చుట్టి, కొవ్వొత్తి కార్చింది.

"సారు చూసి సంతోషపడతాడనుకుంటి," అంది.

ప్రమీల చెప్పక తప్పలేదు. చిన్న చిన్న మాటల్లో చెప్పింది. లోపల పులుస్తున్న రసం గాలి వదులుతూనే ఉంటుందని, దానికి దారి మూసేస్తే జాడీ పగిలిపోతుందని, ఆదివారం ఒంటిగంటా పదికి ఫ్రాన్సిస్ దాని మీదికి వంగాడని. మూతను కరుణాకర్ ఎందుకు దాచాడో కూడా చెప్పింది.

జీవమ్మ చేతిలోని ద్రాక్షపండు కింద పడలేదు. దాన్ని జాగ్రత్తగా గిన్నెలో పెట్టింది. చాలాసేపు ఆ చేతినే చూసుకుంది.

"నన్ను తీసకపో ప్రమీలమ్మా," అంది చివరికి. "వాన్ని ఇడిపిచ్చు. నేను చెప్తా. రెండూ నేనే మూసినానని చెప్తా."

ప్రమీల తల ఎత్తింది. "రెండూనా?"

"ఐదోది కిటికీ కాడ ఉన్నింది. ఆరోది కింద, కడవ పక్కన. దానికి మైనం సాలకపాయె. ఒక పక్క సన్న సందు ఉండిపాయె, చీమలు గూడా పట్టినాయి. మళ్లొచ్చి పూద్దామనుకుంటి."

ఎండలో ఉన్న ఐదో జాడీ పేలింది. చల్లటి నేల మీద ఉన్న ఆరో జాడీ ఆ సన్నటి సందులోంచి ఊపిరి వదులుకుంటూ నిలబడింది. మిగతా నాలుగింటికీ గొట్టాలున్నాయి, కదిపితే ఒలుకుతాయి. మోసుకుపోవడానికి వీలుగా మూత ఉన్నది అదొక్కటే. అందుకే పోలీసులు దాన్నే తీసుకున్నారు. రాత్రంతా స్టేషనులో బండల గదిలో పెట్టారు. ఒంటిగంటకు, తన కళ్ల ముందే, మూత చుట్టూ గుడ్డలోకి ఇంకేలా, ఒక్క సందు లేకుండా లక్క పోశారు.

ఒళ్లో తెల్లటి మూట.

ప్రమీల ఫోను తీసేటప్పటికి రెండూ నలభై ఆరు. సురేష్ ఆమె నంబరు చూసి కట్ చేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశాడు. పొద్దున ల్యాబు తాళం గురించి ఫోను చేసిన అజయ్ కుమార్ నంబరు వెతకడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. అతను ఐదో రింగుకు ఎత్తాడు. శిరివెళ్లలో టీకి ఆగారట.

"ఆ మూట యాడుండాది?"

"యా మూట మేడం?"

"లక్క పోసింది. జాడీ."

"జీపులోనే. రోడ్డు గతుకులు గదా, పగిలిపోతాదని సారు కరుణాకర్‌నే పట్టుకోమన్యాడు. ఎండలో పాపం అట్లనే పట్టుకోని కూచున్నాడు. కింద పెట్టమన్యా పెట్టడంల్యా."

ప్రమీల సురేష్‌కు ఇవ్వమంది. ఇవ్వకపోతే ఒక మనిషి పోతాడంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, తర్వాత సురేష్ గొంతు వినిపించాయి.

"సారూ, మూత నా బ్యాగులో ఉండాది," అంది ఆమె. "పన్నెండున్నర నుంచి ఉండాది. నేను దాచినా. మూసింది జీవమ్మక్క, తెలీక మూసింది. ఆరోదానికి గూడా అదే మైనం. దానికి ఒక సందు ఉన్నింది. అది మీరు లక్కతో మూసేసినారు."

కుర్చీ పడిపోయిన శబ్దం, పరుగు శబ్దం. ఫోను సురేష్ చేతిలోనే ఉంది, ఊపిరి వినిపిస్తోంది. దూరం నుంచే అతను దాన్ని పక్కన పెట్టమని, మెల్లగా పెట్టి దిగమని చెబుతున్నాడు. ఇంకా దూరం నుంచి కరుణాకర్ జవాబు వచ్చింది.

"తెరవొద్దు సార్. అది మాత్రం తెరవొద్దు."

ఆ గొంతు జీవమ్మ చెవిన పడింది. చెయ్యి చాపింది. ప్రమీల ఫోను ఇచ్చేసింది.

"కరుణా, అమ్మనురా," అంది జీవమ్మ. మాటలు నిదానంగా, అన్నానికి పిలిచినట్టు వచ్చాయి. "ఇడిసిపెట్టు నాయనా. ఆ మైనం నాదేనని చెప్పేసినా. అందరికీ చెప్పేసినా. ఇంగ నువ్వు దాయాల్సిన పని లేదు. కింద పెట్టి ఈవలికి రా."

ఫోనులో శబ్దం వచ్చింది. పెద్దదేం కాదు. జీవమ్మ ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అవతల చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక గొంతు, టీకొట్టువాడిదేమో, పక్కనున్న ప్రమీలకు కూడా స్పష్టంగా వినిపించింది.

రెండూ యాభై మూడు. ప్రమీల ఆమె చేతిలోంచి ఫోను తీసుకోబోయింది. జీవమ్మ ఇవ్వలేదు, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"టైరు పేలినట్టుండాదంట ప్రమీలమ్మా," అంది. "ఉండు, వాడు మాట్లాడతాడు."